ఏడో బెడ్డు సకినాలు

ఏడో నంబర్ బెడ్డు మీద సాలమ్మ పడి ఉంది.

పడుకోవడం వేరు, పడి ఉండడం వేరు. నోరు వారగా తెరుచుకుంది. నుదుటి నిండా చెమట. రవిక తడిసి ఒంటికి అంటుకుపోయింది. పిలిస్తే పలకదు. గిల్లితే ఉలకదు.

టైము పన్నెండుంబావు. నర్సు తారాబాయి ముసలామె వేలు పొడిచి రక్తపు చుక్కను గ్లూకోమీటర్‌కు అంటించింది. అంకె చూసింది.

ముప్పై రెండు.

ఉండవలసిన దాంట్లో సగం కూడా లేదు.

"డాక్టరమ్మా!"

ఆ కేకకు మేడ్చల్ హైవే మీద పోయే లారీ కూడా హారన్ మింగేసింది.

డాక్టర్ సీతామహాలక్ష్మి పరుగున వచ్చింది. నరంలోకి గ్లూకోజు పోయింది. సాలమ్మ కళ్లు తెరిచింది. మూలిగింది. మళ్లీ మూసింది.

షుగర్ పడిపోయింది. మనిషి పడిపోయింది. ఆసుపత్రి పేరు పడిపోయేలా ఉంది. పడిపోనిదల్లా ఒక్కటే, సాలమ్మ కొడుకు శేఖర్ గొంతు.

"కాలి పుండుకు తోల్కొస్తే మనిషినే పండవెడ్తరా? మా బౌరంపేట్ల ఎవల్నన్న అడుగుండ్రి నేనెవల్నో!"

అడగనక్కర్లేదు. మెడలో గొలుసు, చేతిలో రెండు సెల్‌ఫోన్లు, బయట నల్ల స్కార్పియో. ప్లాట్లు అమ్మే మనిషి. ఇప్పుడు ఫ్లాట్‌గా పడి ఉన్న తల్లిని చూసి ఊగిపోతున్నాడు.

ఆ సమయంలో కారిడార్‌లోకి అడుగుపెట్టాడు జనార్ధన్.

జనార్ధన్ ఆ ఆసుపత్రి క్లినికల్ ఫార్మసిస్టు. యాభై దాటాయి. గొంతుకు మాత్రం పాతికే. శామీర్‌పేట దగ్గరి కాలేజీలో కొత్తగా పెట్టిన ఫార్మ్-డి కోర్సు పిల్లలు మొదటిసారి వార్డు పోస్టింగుకు వస్తే వాళ్లకు గురువూ ఆయనే, గండమూ ఆయనే. నోరు తెరిస్తే శ్లేష. మూస్తే ఇంకో శ్లేషకు ఆయత్తం.

ఆయన ఏడో బెడ్డు వైపు చూశాడు. పక్కనే ఎనిమిదో బెడ్డు. అక్కడ సత్తమ్మ అనే పేషెంటు. ఆమెకు రోజూ పొద్దున ఇన్సులిన్ ఇంజెక్షన్. వెంటనే జనార్ధన్ నాలుక దురద పెట్టింది.

"ఎనిమిదికి పోవాల్సిన ఇన్సులిన్ ఏడుకు పోయినట్టుంది. తారాబాయి తారుమారు!"

ఇద్దరు వార్డుబాయ్‌లు కిసుక్కున నవ్వారు. ఒకడు ఆ మాటను క్యాంటీన్‌కు మోశాడు. క్యాంటీన్ నుంచి లిఫ్టు దగ్గరికి, లిఫ్టు దగ్గరి నుంచి గేటు దగ్గరికి. మందు పని చెయ్యడానికైనా అరగంట పడుతుంది. మాటకు అంత టైము అక్కర్లేదు.

శేఖర్ చెవిలో పడేసరికి అది శ్లేష కాదు. సాక్ష్యం.

"ఎవతె గా తారాబాయి?"

ఫోన్ తీశాడు. నేరుగా స్టేషన్‌కే చేశాడు.

*

ఒంటిగంటకు ఎస్సై ఇస్తారి జీపు దిగాడు. సన్నటి మనిషి. లావు మీసం. పేరు ఇస్తారే గాని ఎవరికీ ఏదీ ఊరికే ఇచ్చే రకం కాదు.

"ఎఫ్‌ఐఆర్ రాయుండ్రి సార్," అన్నాడు శేఖర్. "గా నర్సును లోపలెయ్యండ్రి. సూది మార్చిందని ఆస్పత్రోళ్లే అంటున్నరు."

"ఎవరన్నరు?"

"మందుల సారు."

ఎస్సై జనార్ధన్ వైపు తిరిగాడు. "మీరేనా? చూసిన్రా?"

జనార్ధన్ గొంతు మొదటిసారి తగ్గింది. "చూడలేదు."

"మరెట్ల అన్నరు?"

"ఏదో... నవ్వులాటకు."

ఎస్సై మీసం కదల్లేదు. తారాబాయి స్టూలు మీద కూర్చుని నేల చూస్తోంది. ఎనిమిదేళ్ల సర్వీసు. మచ్చ బొల్లారంలో రెండు గదుల ఇల్లు, మంచం పట్టిన మామ, బడికి పోయే ఇద్దరు పిల్లలు. అన్నీ ఆ జీతం మీదే. కేసు పడితే ఉద్యోగం ఈ సాయంత్రమే పోతుంది. నర్సు లైసెన్సు ఆ తర్వాత పోతుంది. ఆమె ఏడవడం లేదు. అది చూడలేక జనార్ధన్ కిటికీ వైపు చూశాడు.

"ఎస్సై గారూ, నాకు కొంచెం టైమ్ ఇస్తారా?"

"మందుల ముచ్చట నాకు తెల్వది," అన్నాడు ఇస్తారి. "నాలుగింటి దాంక ఆగుత. నిజమేందో పట్టుకరాండ్రి. లేకుంటే సిస్టర్‌ను జీపెక్కిస్త. మీ మాట మీదనే ఎక్కిస్త, యాదుంచుకోండ్రి."

*

ముందు తారాబాయి.

"సాలమ్మకు పొద్దున ఏమిచ్చావు?"

"షుగర్ గోలీ. గ్లిబెన్‌క్లమైడ్. ఒక్కటే. టిఫినుకు ముందు."

"మింగిందా?"

"నోరు తెరిపిచ్చి చూసిన."

"సత్తమ్మకు ఇన్సులిన్?"

"సత్తమ్మకే ఇచ్చిన. పేరడిగి, చేతి పట్టీ మీద పేరు చూసి ఇచ్చిన." ఆమె తలెత్తింది. "మీరే గద సార్ పోయిన నెల మాకు క్లాసు చెప్పింది, పేరడగకుండ సూది ఎత్తొద్దని. నేర్పింది మీరు. మార్చిందని అన్నది మీరు."

జనార్ధన్ ఎనిమిదో బెడ్డు దగ్గరికి వెళ్లి సత్తమ్మ వేలు పొడిచాడు. నూట నలభై. ఇన్సులిన్ అందని మనిషికి అంత మంచి షుగర్ ఉండదు. ఆమె మందు ఆమెకే చేరింది.

అప్పుడే డాక్టర్ సీతామహాలక్ష్మి ఏడో బెడ్డు దగ్గరి నుంచి పిలిచింది.

"జనార్ధన్ గారూ, ఇంత గ్లూకోజు ఎక్కించినా మళ్లీ పడుతోంది. నలభై. ఇది ఇన్సులిన్ అయితే రాత్రికి వదిలేస్తుంది. మాత్రలైతే రేపంతా పట్టి లాగుతుంది. ఏది పోయిందో నాకు తెలియాలి."

మాత్రలు. కాని వార్డులో ఇచ్చింది ఒక్కటే. ఒక్కదానికి ఇంత పతనం రాదు.

"శేఖర్ గారూ, మీ అమ్మ మందులు ఇంటి నుంచి తెచ్చారా?"

"తెచ్చిన కవరు మొన్ననే గీ నర్సమ్మకు అప్పజెప్పిన. అడుగుండ్రి."

"స్టోరులో ఉంది సార్," అంది తారాబాయి. "సీలు తియ్యలే."

చూశాడు. తియ్యలేదు.

అయితే మాత్ర ఎక్కడిది? ఇచ్చిన చెయ్యి ఎవరిది?

పొద్దున వార్డులో తిరిగిన కొత్త చేతులు మూడు జతలే. ఆయన శిష్యులవి.

*

ఆ పిల్లలకు మొదటి రోజే జనార్ధన్ సారు ధర్మశాస్త్రం వినిపించాడు. రోటేషన్‌కు వచ్చారంటే రోట్లో తల పెట్టారనే అర్థం, రోకటి పోటుకు భయపడొద్దు అంటూ మొదలుపెట్టాడు.

ఏప్రన్ తెల్లగా ఉండాలి, ముఖం తెల్లబోకూడదు. బ్యాడ్జీ కనబడాలి, గోళ్లు కనబడకూడదు. మందు ముట్టొద్దు. సలహా ఇవ్వొద్దు. పేషెంట్ పెట్టింది తినొద్దు. ఫారం నింపడం కాదు, పేషెంట్ భారం దించడం నేర్చుకోవాలి. మాత్ర తప్పితే యాత్ర తప్పదు. ఇద్దరు కలిసి ఒకే పేషెంట్ కేసు చెబితే ఇద్దరికీ సున్నా.

ఇంకొకటి. అది చెప్పేటప్పుడు ఆయన ఉబ్బసం పంపు ఒకటి చేతిలో పట్టుకుని ఆడించాడు. "మందు ఎట్లా వాడుతున్నవ్ అని అడిగితే అందరూ మంచిగనే చెప్తరు. ఒకాయన ఏడాది పాటు దీని మూత తియ్యకుండనే పీల్చిండు. కాబట్టి చెప్పమనకండి. చూపించమనండి. చూపించకపోతే మార్కు లేదు."

ముగ్గురినీ ఒక్కొక్కరిగా పిలిచాడు.

"అభిలాష్, పొద్దున ఎక్కడున్నావు?"

"మూడో బెడ్డు సార్."

"ఏడుకు వెళ్లావా?"

"లేద్సార్."

"ఇషితా?"

"నేను... పదకొండో బెడ్డు సార్. ఏడు కాదు."

"వంశీ?"

"ఐదు సార్. ఏడో బెడ్డు దిక్కు సూడనే లేదు సార్. అమ్మతోడు."

అడగని ఒట్టు! జనార్ధన్ వంశీని ఎగాదిగా చూశాడు. పొట్టివాడు. చెవులు ఎర్రబడ్డాయి. తెల్లటి ఏప్రన్. ఎడమ జేబు అడుగున అరచేయంత నూనె మరక.

పదకొండు గంటల ఇన్‌స్పెక్షన్‌లో ఆ మరక చూసి, "నువ్వు ఫార్మసీ స్టూడెంటువా, బజ్జీల బండివా?" అని అందరి ముందూ అరిచింది ఆయనే. అభిలాష్‌నూ అరిచాడు. ఇషితనూ అరిచాడు. హాస్టల్ మెస్సు పూరీలు అనుకున్నాడు.

మూడు ఏప్రన్‌లు. మూడు మరకలు. మూడూ ఎడమ జేబుకే.

అరుపు ఆయన నోటి నుంచి వచ్చింది గాని ఆలోచన ఆయన బుర్రకు రాలేదు.

జనార్ధన్ ఏడో బెడ్డు దగ్గరికి నడిచాడు. పక్కనున్న లాకరు తెరిచాడు. స్టీలు డబ్బా. మూత తీస్తే వాము వాసన గుప్పుమంది. మనవరాలి పెండ్లి సకినాలు. సగం ఖాళీ.

సాలమ్మ పేరు వార్డంతటికీ తెలుసు. మంచం దగ్గరికి వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపదు. ఇంజెక్షన్ పొడిచిన వాళ్లకు కూడా సకినం పెడుతుంది. వద్దంటే చేతిలో పెట్టదు, జేబులో పెడుతుంది. ఆమెకు కుడిపక్కన గోడ. మాట్లాడే మనిషి నిలబడగలిగేది ఒక్క వైపే. ఆమె చెయ్యి అందేది ఒక్క జేబుకే.

ఎడమ జేబుకు.

*

మూడున్నరకు అందరూ సెమినార్ గదిలో ఉన్నారు. ఎస్సై, శేఖర్, డాక్టర్ సీతామహాలక్ష్మి. తలుపు పక్కన తారాబాయి. బోర్డు ముందు ముగ్గురు పిల్లలు.

"వంశీ, ఎడమ జేబు తిప్పు."

వంశీ కదల్లేదు.

"తిప్పు."

తిప్పాడు. నేల మీద నువ్వులు రాలాయి. సకినం ముక్క ఒకటి దొర్లి ఎస్సై బూటు దగ్గర ఆగింది.

"ఇషితా."

ఇషిత జేబు తిప్పకుండానే ఏడ్చేసింది.

"నేను వెళ్లాను సార్. ఏడో బెడ్డుకే వెళ్లాను."

"నేను గూడ పోయిన సార్," అన్నాడు వంశీ.

అభిలాష్ తల ఊపాడు. "నేను కూడా సార్. అందరికంటే ముందు."

"ముగ్గురూ ఒకే బెడ్డుకా? ఎందుకు?"

"మిగిలినోళ్లు కసురుకుంటున్నరు సార్," అన్నాడు వంశీ. "'మొన్నొకడు రాసుకపోయిండు, నిన్నొకడు రాసుకపోయిండు, నా రోగం పోయిందా' అని తిడ్తున్నరు. అవ్వ ఒక్కతే కూసోబెట్టి మాట్లాడింది."

"మరి అబద్ధం ఎందుకు చెప్పారు?"

ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చివరికి అభిలాష్ అన్నాడు.

"ఇద్దరు ఒకే పేషెంట్‌ను తీసుకుంటే సున్నా అన్నారు కదా సార్. వీళ్లు వెళ్లినట్టు నాకు తెలియదు. నేను వెళ్లినట్టు వీళ్లకు తెలియదు."

జనార్ధన్ పిల్లలకు ఇంకాస్త దగ్గరికి జరిగాడు.

"ఏం అడిగారు?"

"మందుల హిస్టరీ సార్. ఏం గోలీలు, ఎన్ని పూటలు."

"తర్వాత?"

అభిలాషే చెప్పాడు. "ఇంట్లో ఎట్లా వేసుకుంటావో చూపించు అవ్వా అన్నాను సార్."

"చూపించిందా?"

"చూపించింది."

"ఎట్లా?"

"బొడ్లోంచి గుడ్డసంచి తీసింది. అందులో షుగర్ గోలీల షీటు ఉంది. ఒకటి తీసింది. నోట్లో వేసుకుంది."

"వేసుకున్నట్టు నటించిందా?"

అభిలాష్ తల అడ్డంగా ఊపాడు.

"నీళ్లు తాగింది సార్," అంది ఇషిత, తన సంగతి చెబుతున్నట్టు. "నాకు కూడా అట్లాగే చూపించింది. వేసుకుని, నీళ్లు తాగి, 'గిట్ల బిడ్డా' అంది. నేను టిక్ పెట్టుకున్నాను."

"నాకు గూడ," అన్నాడు వంశీ. "మస్తు మంచిగ చూపిచ్చింది సార్."



సిస్టర్ ఇచ్చినది ఒకటి. అభిలాష్‌కు చూపించినది ఒకటి. ఇషితకు ఒకటి. వంశీకి ఒకటి. అసలే కాలి పుండు జ్వరం. నోటికి తిండి సయించక ఇడ్లీ కూడా వదిలేసిన కడుపు.

డాక్టర్ సీతామహాలక్ష్మి అప్పటికే లేచింది. "మాత్రలే. డ్రిప్ ఆపకూడదు. రేపు రాత్రి దాకా గంట గంటకూ షుగర్ చూడాలి. తారాబాయీ, ఆ గుడ్డసంచి ముందు తీసుకో!"

తారాబాయి లేవబోయి ఆగింది. "నేను పోవచ్చా సార్?" అని ఎస్సైని అడిగింది.

ఆ ఒక్క ప్రశ్న జనార్ధన్‌కు ఇంజెక్షన్ కంటే లోతుగా దిగింది.

"పో తల్లీ, జల్దీ పో," అన్నాడు ఇస్తారి. ఆమె వెళ్లాక పిల్లల వైపు తిరిగాడు. "మింగుతుంటే చూస్తూ కూసున్నరా? సరే. గిట్ల చూపియ్యమనమని మీకు ఎవరు నేర్పిన్రు?"

అభిలాష్ బోర్డు చూశాడు. ఇషిత కిటికీ చూసింది. వంశీ తన చెప్పులు చూసుకున్నాడు. ముగ్గురిలో ఒక్కరూ సారు వైపు చూడలేదు. అంత మర్యాద ఆయన ఏ క్లాసులోనూ నేర్పలేదు.

"నేనే," అన్నాడు జనార్ధన్.

శేఖర్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"నేనే నేర్పాను. పంపు చేతిలో పట్టుకుని నేర్పాను. ఉత్త పంపుతో చూపించాలి, ఉత్త చేత్తో చూపించాలి, అసలు మందు తీయనివ్వొద్దు అని చెప్పాలి. చెప్పలేదు. అది నాకు తెలుసు కాబట్టి అందరికీ తెలుసనుకున్నాను. ముగ్గురూ ఒకరికొకరు చెప్పుకుని ఉంటే రెండోవాడి దగ్గరే ఆగిపోయేది. చెప్పుకోనివ్వకుండా సున్నా పెట్టింది కూడా నేనే." ఆయన శేఖర్ ముందు నిలబడ్డాడు. "కేసు రాయించాలంటే నా పేరు రాయించండి. సిస్టర్ తప్పు ఏం లేదు. పిల్లలు నేను చెప్పిందే చేశారు."

శేఖర్ చెయ్యి లేచింది. కొడతాడనుకున్నారు అందరూ. ఆ చెయ్యి గాలిలో కాసేపు ఉండి, వచ్చి తన నెత్తి మీదే పడింది.

"మా అమ్మ గంతే సార్," అన్నాడు. "ఎవడేది అడిగినా కాదనదు. గా సంచి సంగతి నాకెరికే. పండుకున్నా ఇడువదు. నేనన్న మీకు చెప్పకపోతి."

శేఖర్ పడ్డ కుర్చీని లేపి కూర్చున్నాడు. కేసు సంగతి తర్వాత చూద్దామని ఎస్సై టోపీ తీసుకున్నాడు.

*

నాలుగింటికి తారాబాయి సెమినార్ గదికి వచ్చింది, సంచి అప్పగించడానికి. జనార్ధన్ లేచి నిలబడ్డాడు.

"తారాబాయీ, తప్పయింది. నేనా మాట అనకుండా ఉండాల్సింది. మాఫ్ చెయ్యి."

ఆమె సంచి బల్ల మీద పెట్టింది.

"మాట కారిడార్ల అన్నరు సార్. మాఫీ తలుపేసుకుని అడుగుతున్నరు."

ఆయన తలుపు తెరిచాడు. కారిడార్‌లోకి వెళ్లాడు. విజిటింగ్ టైము. బెంచీల నిండా జనం. వార్డుబాయ్‌లు, క్యాంటీన్ మనిషి, గేటు దగ్గరి సెక్యూరిటీ. జనార్ధన్ తన పెద్ద గొంతు ఎత్తాడు.

"అందరూ వినండి. తారాబాయి సిస్టర్ ఏ మందూ మార్చలేదు. మధ్యాహ్నం నేనన్నది అబద్ధం. తప్పు నాది."

ఎవరూ నవ్వలేదు. వెనక నుంచి ఒకరు, "ఏమన్నడు, ఏమన్నడు?" అని అడిగారు. పక్కాయన, "ఏమో, ఏదో తప్పయిందట," అని చెప్పి పేపరు మడిచాడు.

మధ్యాహ్నపు మాటకు కాళ్లు మొలిచాయి. ఈ మాట మాత్రం ఆయన నిలబడ్డ చోటే నిలబడిపోయింది. అయినా ఆయన క్యాంటీన్‌కు వెళ్లి ఒకసారి చెప్పాడు. గేటు దగ్గర ఒకసారి చెప్పాడు. తారాబాయి చూడలేదు. ఆమె ఏడో బెడ్డు దగ్గర వేలు పొడిచి, అంకె కోసం చూస్తోంది.

*

మూడో రోజు పొద్దున సాలమ్మ దిండుకు ఆనుకుని కూర్చుంది. షుగర్ నిలబడింది. ముగ్గురినీ పోస్టింగు నుంచి తీసేస్తామని కాలేజీ ఫోన్ చేస్తే, ముందు తనను తీసేయమని జనార్ధన్ జవాబు చెప్పాడు. ఆ వ్యవహారం ఇంకా తేలలేదు.

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"నువ్వేనా గా పొల్లగాండ్ల సారు?" అంది సాలమ్మ.

"నేనేనమ్మా. ఒక మాట అడుగుతాను. ఒకసారి వేసుకున్న గోలీ మళ్లీ ఎందుకు వేసుకున్నవ్? ఎన్ని వేసుకోవాలో నీకు తెలియదా?"

"తెల్వకేంది బిడ్డా? పదేండ్ల సంది మింగుతున్న. పొద్దుగాల ఒక్కటే."

"మరి?"

సాలమ్మ దుప్పటి సర్దుకుంది. తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది.

"గా ఆడపిల్ల లేదా, బక్కది? పెన్ను పట్టుకుంటే చేతులు గజగజ వణుకుతున్నయ్. 'చూపియ్యకపోతే మా సారు మార్కు ఎయ్యడు అవ్వా' అన్నది. గా పొట్టోడు గూడ గట్లనే పరేషాన్ అయిండు. గోలీ కన్నా గా సారుతోనే ఎక్కువ బుగులున్నట్టుంది పిల్లలకు అనుకున్న. ఒకటి ఎక్కువైతే నాకేమైతది తియ్ అని ఏసుకున్న."



"ఏసినవా మరి?" అంది సాలమ్మ.

"ఏంటమ్మా?"

"మార్కులు."

"లేదమ్మా."

"గదేంది!" ముసలామె నిజంగానే నొచ్చుకుంది. సూది గుచ్చిన చెయ్యి చాచి ఆయన మోకాలు తట్టింది. "ముగ్గురికీ ఎయ్యి బిడ్డా. నేను మింగినయి దండుగ గావొద్దు."